కొన్నా మనది కాని ఆట

వీడియో గేముల గురించి తెలుగులో వచ్చే రాతలు చాలావరకు రెండు రకాలు. పిల్లలు చెడిపోతున్నారన్న గోడు ఒకటి, ఆ వ్యాపారం ఇన్ని వేల కోట్లకు పెరిగిందన్న గొప్ప మరొకటి. ఒక నవలను చూసినట్టు, ఒక నాటకాన్ని చూసినట్టు ఆటను కూడా ఒక కృతిగా చూసి దాని బాగోగులు చెప్పిన విమర్శ అరుదు. సాహిత్య పత్రికలో ఆటల ప్రసక్తి ఏమిటని అడిగేవాళ్ళు ఉండవచ్చు. ఆ ఆటల్లో కథ ఉంది, పాత్రలున్నాయి, సంభాషణ ఉంది, బొమ్మ ఉంది, సంగీతముంది. వీటన్నిటికీ మించి, చూసేవాడే కథలో చెయ్యి పెట్టి నడిపించే వీలుంది. మన తర్వాతి తరం కథల్ని చూసేది చాలావరకు ఆ తెరమీదనే అయినప్పుడు, ఆ కథలు ఎట్లా తయారవుతున్నాయో, ఎవరి అధీనంలో ఉంటున్నాయో పట్టించుకోకపోవటం సాహిత్యానికి మర్యాద కాదు.

ఇక్కడ సెల్‌ఫోను ఆటల జోలికి పోవటంలేదు. టీవీకి తగిలించి, కంట్రోలరు చేతపట్టుకుని ఆడే పెట్టెల గురించే ఈ చర్చ. వాటిని కన్సోల్ అంటారు. సోనీ ప్లేస్టేషన్, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్, నింటెండో స్విచ్: ఈ వ్యాపారమంతా ప్రధానంగా ఈ మూడు సంస్థల చేతిలో ఉంది. ఈ రంగం దిగజారిపోతోందని కొన్నేళ్ళుగా ఆడేవాళ్ళే వాపోతున్నారు. వాళ్ళ వేదనలో నిజముంది. అయితే దిగజారింది ఏమిటో తేల్చుకోకుండా వాపోవటం వల్ల ప్రయోజనం లేదు.

పైకి చూస్తే పతనం ఏదీ కనిపించదు. 2025 సెప్టెంబరు చివరికి ప్లేస్టేషన్ 5 పెట్టెలు 8.4 కోట్లు దాటాయి. 2025 జూన్ 5న విడుదలైన స్విచ్ 2 నాలుగు నెలలు తిరగకముందే కోటి దాటింది. లెక్కల పుస్తకం చూసేవాడికి ఇది వర్ధిల్లుతున్న వ్యాపారం. అసలైన వ్యాపార పతనం 1983లో అమెరికాలో జరిగింది. నాసిరకం ఆటలు గుట్టలుగా వచ్చిపడితే జనం విసిగిపోయారు. అటారి కంపెనీ అమ్ముడుపోని సరుకును న్యూమెక్సికో రాష్ట్రంలో అలమొగోర్డో ఊరి దగ్గర గొయ్యి తీసి పూడ్చిపెట్టింది. 2014 ఏప్రిల్లో ఆ గొయ్యి తవ్వి పాత కార్ట్రిడ్జుల్ని బయటికి తీశారు కూడా. అప్పుడు సరుకు మిగిలింది, కొనేవాడు కరువయ్యాడు. ఇప్పుడు కొనేవాడున్నాడు, కొన్న సరుకే మిగలటంలేదు. ఈ వ్యాసం చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటలోనే ఉంది.

ముందు ధర సంగతి చూద్దాం. ఎలక్ట్రానిక్ వస్తువు పాతబడేకొద్దీ చౌకవుతుందని మనం అనుభవం మీద నేర్చుకున్నాం. ప్లేస్టేషన్ 2 అమెరికాలో 2000 అక్టోబరులో 299 డాలర్లకు వచ్చి, 2009 ఏప్రిల్ నాటికి 99 డాలర్లకు దిగింది. ఆ దిగిన ధర వల్లనే అది మధ్యతరగతి ఇళ్ళలోకి వచ్చింది, 16 కోట్ల పెట్టెలు అమ్ముడయ్యాయి. ప్లేస్టేషన్ 5 సంగతి వేరు. 2020 నవంబరులో 499 డాలర్లున్నది 2025 ఆగస్టులో 549 అయింది. మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న రూ. 49,990కి వచ్చిన డిస్కు పెట్టె 2022 నవంబరులో రూ. 54,990 అయింది. తరుగుదల లెక్కవేసే చదువు చదివినవాడికి ఇది వింత. పెట్టె పాతబడింది, ధర పెరిగింది.

ధర పెరిగినా మంచి కృతులు వస్తే సరిపెట్టుకోవచ్చు. ప్లేస్టేషన్ 2 రోజుల్లో గ్రాండ్ థెఫ్ట్ ఆటో వరుసలో మూడు పెద్ద ఆటలు మూడేళ్ళలో వచ్చాయి: 2001లో మూడవ భాగం, 2002లో వైస్ సిటీ, 2004లో శాన్ ఆండ్రియాస్. అయిదవ భాగం 2013లో వచ్చింది. ఆరవ భాగాన్ని 2025 నవంబరులో మరోసారి వాయిదా వేసి 2026 నవంబరు 19 అని తేదీ వేశారు. ఈ మధ్యకాలంలో అదే అయిదవ భాగాన్ని 2013లో ఒక పెట్టెకు, 2014లో ఇంకో పెట్టెకు, 2022లో మరో పెట్టెకు అమ్మారు. నాటీ డాగ్ అనే అమెరికా స్టూడియో చరిత్ర కూడా ఇంతే. 2007, 2009, 2011లలో అన్‌చార్టెడ్ మూడు భాగాలు, 2013లో ది లాస్ట్ ఆఫ్ అస్: ఆరేళ్ళలో నాలుగు కొత్త కథలు. ప్లేస్టేషన్ 5 వచ్చాక మొదటి అయిదేళ్ళలో ఆ స్టూడియో నుంచి వచ్చిన కొత్త కథలు సున్న. ది లాస్ట్ ఆఫ్ అస్ మాత్రం 2014లో మెరుగుపెట్టి ఒకసారి, 2022లో తిరగతీసి మరోసారి అంగడికెక్కింది.

మంచి పుస్తకం పదిసార్లు అచ్చవటం సాహిత్యానికి ఆరోగ్యమే. కానీ పునర్ముద్రణలు తప్ప కొత్త పుస్తకం వెయ్యని ప్రచురణకర్తను మనం ఏమంటాం? పాత ముద్రణ కొన్నవాడి దగ్గరికే మళ్ళీ వెళ్ళి, అట్ట మార్చాను కొనుక్కోమంటే ఏమంటాం?

దీనికి కారణం పెట్టుబడిలో ఉంది. 2023 జూన్‌లో అమెరికా కోర్టులో దాఖలైన కాగితాల్లో కొట్టివేతలు సరిగ్గా పడకపోవటంతో కొన్ని అంకెలు బయటపడ్డాయి. ది లాస్ట్ ఆఫ్ అస్ రెండవ భాగానికి 22 కోట్ల డాలర్లు, హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్ అనే ఆటకు 21.2 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయట. అంత సొమ్ము పెట్టినవాడు కొత్త మాట చెప్పటానికి జంకుతాడు. అప్పు మంజూరు చేసే బల్లకు ఇవతల చాలా ఏళ్ళు కూర్చున్నవాణ్ణి కాబట్టి ఆ జంకు నాకు కొత్తది కాదు. పెట్టుబడి ఎంత పెద్దదైతే పాత పూచీకత్తు మీద అంత నమ్మకం. ఇంటికి అప్పు ఇచ్చేటప్పుడు అది మంచి గుణమే. కథ ఎంచుకునేటప్పుడు మాత్రం అది గొడ్డుతనం.

ఆ భయం చివరికి పనిచేసేవాళ్ళ మీద పడుతుంది. 6,870 కోట్ల డాలర్లకు యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను కొన్న మైక్రోసాఫ్ట్, కొనుగోలు ముగిసిన మూడు నెలలకే, 2024 జనవరిలో, ఆటల విభాగంలో 1,900 మందిని తీసేసింది. తర్వాతి నెల సోనీ 900 మందిని తీసేసింది. హై-ఫై రష్ అనే ఆటతో 2023లో అందరి మెప్పూ పొందిన టాంగో గేమ్‌వర్క్స్ స్టూడియోను 2024 మేలో మూసేస్తున్నామన్నారు. అదే ఏడు ఆగస్టులో ఒక కొరియా సంస్థ దాన్ని ఆదుకుంది. బాగా చేసిన పని కూడా పనివాణ్ణి కాపాడలేని చోట మంచి పని ఎంతకాలం వస్తుంది?

ఇక అసలు విషయం, సొంతం. వాణిజ్యశాస్త్రంలో మొదటి పాఠాల్లోనే మూలధన వ్యయానికీ రాబడి వ్యయానికీ తేడా చెబుతారు. బీరువా కొంటే ఆస్తి, అద్దె కడితే ఖర్చు. కన్సోల్ ఆట మొదట్లో బీరువా వంటిది. డిస్కు కొంటే ఇంట్లో ఉండేది. ఒక పిల్లవాడు ఆడేశాక పక్కింటివాడికి ఇచ్చేవాడు, వాడు ఇంకో ఆట ఇచ్చేవాడు, ఆఖరికి సెకండ్‌హ్యాండ్ అంగడిలో అమ్మితే సగం సొమ్ము తిరిగొచ్చేది. ఒక డిస్కు నాలుగిళ్ళు తిరిగేది. అవెన్యూ రోడ్డు పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు కొని చదువుకున్న బెంగళూరు తెలుగువాళ్ళకు ఈ పద్ధతిలో ఉన్న మేలు వివరించనక్కరలేదు. డబ్బు తక్కువైనవాడికి విద్యగానీ వినోదంగానీ చేరేది చేతులు మారటం వల్లనే.

2013 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ఈ చేతులు మారటానికి అడ్డుకట్ట వెయ్యబోయింది. కొత్త ఎక్స్‌బాక్స్‌లో పాత డిస్కుల వాడకానికి షరతులు పెడతామన్నది. సోనీ అప్పుడు కొన్ని సెకన్ల చిన్న వీడియో తీసి ఎగతాళి చేసింది. ప్లేస్టేషన్ ఆటను స్నేహితుడికి ఇవ్వటం ఎట్లాగంటే, డిస్కు తీసి చేతిలో పెట్టటమే! జనం నవ్వారు, మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గింది. ఆ నవ్విన సోనీయే 2024 నవంబరులో ప్లేస్టేషన్ 5 ప్రో పెట్టెను 699 డాలర్లకు డిస్కు గూడు లేకుండా విడుదల చేసింది. గూడు కావాలంటే వేరే కొనుక్కోవాలి. కంపెనీని ఎదిరించి గెలిచిన హక్కును పదకొండేళ్ళలో సౌకర్యం పేరుతో మనమే వదులుకున్నాం.

నెలచందా పద్ధతి దీనికి తర్వాతి మెట్టు. మైక్రోసాఫ్ట్ గేమ్ పాస్‌లో పై తరగతి చందా మన దేశంలో 2025 అక్టోబరులో నెలకు రూ. 829 నుంచి రూ. 1,389 అయింది. ఏడాదికి రూ. 16,668. బ్యాంకుల్లో అద్దె కొనుగోలు అనే పద్ధతి ఒకటుంది. అందులో కూడా నెలనెలా కట్టాలి, కానీ చివరి వాయిదా ముట్టిన రోజున వస్తువు కొన్నవాడిదవుతుంది. ఈ కొత్త పద్ధతికి చివరి వాయిదా అంటూ లేదు. పదేళ్ళు కట్టి పదకొండో ఏట ఆపితే చేతిలో మిగిలేది శూన్యం.

చందా సంగతి అట్లా ఉంచి, నిండు ధర పెట్టి కొన్నవాడి గతి చూడండి. ఉబిసాఫ్ట్ 2014లో విడుదల చేసిన ది క్రూ అనే కార్ల ఆటకు 2024 మార్చి 31న సర్వర్లు ఆపేసింది. డబ్బిచ్చి కొన్న డిస్కు ఇంట్లోనే ఉంది, ఆట మాత్రం లేదు. సోనీ 2024 ఆగస్టు 23న విడుదల చేసిన కంకార్డ్‌ను సెప్టెంబరు 6న మూసేసింది. రెండు వారాలు! డబ్బు వాపసిచ్చారు, నిజమే. కానీ ఏళ్ళ తరబడి అనేకమంది కళాకారులు చేసిన పని రేపు ఎవరైనా చూద్దామంటే ఎక్కడుంది? అటారి గొయ్యినైనా తవ్వి తీశారు. దీనికి తవ్వటానికి గొయ్యి కూడా లేదు. అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఆ దేశంలో విడుదలైన పాత ఆటల్లో నూటికి 87 ఈనాడు అంగడిలో దొరకవు. కొనేది వస్తువు కాదు, అనుమతి మాత్రమేనని స్పష్టంగా చెప్పమంటూ కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చేసింది. 2025 నుంచి అది అమల్లో ఉంది. అంటే మోసం తగ్గింది, నష్టం అట్లాగే ఉంది.

ఇదంతా అమెరికా, జపాన్ల గొడవ అనుకోవద్దు. మన ఇంటి ఉదాహరణ ఒకటుంది. 2009లో హనుమాన్: బాయ్ వారియర్ అనే ఆట ప్లేస్టేషన్ 2 మీద వచ్చింది. చేసింది హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్, ప్రచురించింది సోనీ. పూర్తిగా భారతదేశంలో తయారైన మొదటి కన్సోల్ ఆటగా దాన్ని చెప్పుకున్నారు. తెలుగువాళ్ళ నగరంలో, మన ఇళ్ళలో పసితనం నుంచి విన్న కథతో అది తయారైంది. అదే ఏడు హైదరాబాదులోనే గేమ్‌శాస్త్ర సంస్థ కబడ్డీ, గాలిపటాల వంటి మన ఆటలతో దేశీ అడ్డా చేసింది.

హనుమాన్ గొప్ప ఆట కాదు. సమీక్షకులు పెదవి విరిచారు. దానికి మించిన దుమారం ఇంకోటి లేచింది. దేవుణ్ణి కంట్రోలరుతో ఆడించటం అపచారమని అమెరికాలోని హిందూ ప్రముఖుడు రాజన్ జెడ్ అభ్యంతరం చెప్పారు. ఈ వాదాన్ని తెలుగు విమర్శకుడెవరైనా అప్పుడే ఎదుర్కోవలసింది. తోలుబొమ్మలాటలో హనుమంతుణ్ణి ఎవరు ఆడించారు? ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట మా కాడుగోడికి ఒక పూట ప్రయాణం. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. అక్కడి కళాకారులు తరతరాలుగా హనుమంతుణ్ణి కర్రపుల్లలు పట్టుకునే లంకకు ఎగిరించారు. దాన్ని ఎవరూ అపచారమనలేదు, పుణ్యమన్నారు. చేత్తో ఆడించటం ఎన్నడూ తప్పు కాదు. అడగవలసిన ప్రశ్న, ఆ ఆడించటంలో రసం పుట్టిందా లేదా అని. తోలుబొమ్మ హనుమంతుడు తెరమీదికి వస్తే హాస్యముంటుంది, వీరముంటుంది, ఆడించేవాడి నోట సమయానికి తగ్గ మాట ఉంటుంది. ఆ పోలిక పెట్టి ఈ హైదరాబాదు హనుమంతుణ్ణి తూచవలసింది. తూచి ఉంటే తర్వాత చేసేవాళ్ళకు ఒక దారి దొరికేది.

ఆ పని ఇప్పుడు చేద్దామంటే ఆట ఏది? సోనీ మన స్టూడియోలకు అవకాశమిచ్చింది ప్లేస్టేషన్ 3 వచ్చి మూడేళ్ళయ్యాక, పాత పెట్టె చివరి దశలో. గేమ్‌శాస్త్ర చేసిన డాన్ 2 వచ్చిన 2013లోనే, జనవరి నెలలో, ప్లేస్టేషన్ 2 తయారీ ఆగిపోయిన సంగతి బయటికొచ్చింది. ఈనాటి ప్లేస్టేషన్ 5 ఆ డిస్కుల్ని చదవలేదు. పాత డిస్కూ, దాన్ని ఆడించే పాత పెట్టే, రెండూ ఎవరింట్లోనో పనిచేస్తూ ఉంటేనే ఆ ఆట ఉన్నట్టు. తోలుబొమ్మ తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వచ్చింది. పదిహేనేళ్ళ కిందటి కంప్యూటరు బొమ్మ మనవాళ్ళ చేతికి రావటంలేదు. కృతి నిలవనిచోట విమర్శ పుట్టదు. విమర్శ పుట్టనిచోట చేసినవాడు తన తప్పు నుంచి నేర్చుకోడు, రెండోవాడు మొదటివాడి నుంచి నేర్చుకోడు. ప్రతివాడూ మొదటి నుంచి మొదలుపెడతాడు. కొత్త కథ పుట్టకపోవటానికి పెట్టుబడి భయం ఒక కారణమైతే, ఈ మతిమరుపు రెండో కారణం.

బెంగళూరు కథ ఇంకో తీరు. 1997లో రాజేశ్ రావు ఇక్కడ ధ్రువ ఇంటరాక్టివ్ స్థాపించారు. దేశంలో ఆటలు చేసే మొదటి సంస్థల్లో అదొకటి. అది ముఖ్యంగా పైదేశాల ఆటలకు బొమ్మలు చేసిపెట్టింది. ఫోర్జా ఆటల్లో పరుగెత్తే కార్లలో కొన్ని ఇక్కడి చేతుల్లో రూపుదిద్దుకున్నవే. స్వీడన్ కంపెనీ ఒకటి దాన్ని కొన్నది. 2019లో గ్రాండ్ థెఫ్ట్ ఆటో చేసే రాక్‌స్టార్ 79 లక్షల డాలర్లకు కొని, తన బెంగళూరు శాఖలో కలుపుకుంది. పని ఇక్కడ, పేరు అక్కడ. ఐటీ కంపెనీల నీడన బతికే మా కాడుగోడి, వైట్‌ఫీల్డ్ జనానికి ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఆటలో ఇంగ్లీషు: ఇక్కడి మన పిల్లల మూడు లోకాలు ఇవి. ఏ కన్సోల్ మెనూలో వెతికినా మన భాష కనిపించదు. అల్పసంఖ్యాక భాషగా బతుకుతున్న మనకు, లెక్కలోకి రాకపోవటమంటే ఏమిటో ఒకరు నేర్పనక్కరలేదు.

ఇప్పుడు ఎదుటి పక్షం మాట కూడా వినాలి. ధరల సూచీతో సరిపోల్చి చూస్తే 1990లలో 60 డాలర్లకు అమ్మిన కార్ట్రిడ్జు ఈనాటి 70 డాలర్ల ఆట కంటే చాలా ఖరీదైనదని కంపెనీలు అంటాయి. నిజమే, ఒప్పుకోవాలి. కానీ ఆ 60 డాలర్లకు వస్తువు వచ్చింది, ఈ 70కి అనుమతి వస్తోంది. రెండిటి ధరల్నీ ఒకే తక్కెడలో వెయ్యకూడదు. మెజెస్టిక్ దగ్గరి నేషనల్ మార్కెట్ వంటి చోట్ల దొంగ డిస్కులు అమ్మినందుకే ఈ కట్టుబాట్లు తెచ్చామని కూడా అంటారు. దొంగసరుకును సమర్థించలేం. అయినా దొంగతనానికి శిక్ష డబ్బిచ్చి కొన్నవాడికి పడటం ఏ న్యాయం? మూడోమాట, చిన్నవాళ్ళు మంచి పని చేస్తూనే ఉన్నారని. అదీ నిజమే. పుణె స్టూడియో చేసిన రాజీ 2020లో మన పురాణాల లోకాన్ని అందంగా చూపించింది. హైదరాబాదులో ఓగ్ర్ హెడ్ స్టూడియో 2017లో అసుర చేసింది. అయితే అసుర వచ్చింది కన్సోల్ మీద కాదు, కంప్యూటరు మీద. కొత్తదనం కావలసినవాళ్ళు పెట్టెను వదిలి పోతున్నారంటే అది పెట్టెకు ప్రశంస కాదు.

చెయ్యగలిగింది ఏమైనా ఉందా? ఉంది. మన దేశంలో 1954 నాటి చట్టం ఒకటి, అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతిని కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ మరి మూడు గ్రంథాలయాలకూ ఇవ్వాలంటుంది. 1956లో పత్రికల్ని కూడా అందులో చేర్చారు. ఇటువంటి చిన్న మాసపత్రిక ప్రతికి కూడా ఆ చట్టంలో చోటుంది. కోట్ల డాలర్ల ఆటకు అటువంటి చోటు లేదు. ఆ చట్టాన్ని ఆటలకు విస్తరించమని అడగవచ్చు. అమ్మిన ఆటను సర్వరు ఆపేశాక కూడా ఆడుకోనిచ్చే ఏర్పాటు ఉండాలని ఐరోపాలో మొదలైన ఉద్యమానికి 2025 జూలై నాటికి పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. వినియోగదారుల హక్కుగా మొదలైనా అది సంస్కృతి హక్కు కూడా. గ్రంథాలయోద్యమం నడిపిన జాతికి ఇది అర్థం కాని సంగతి కాదు.

రెండోది మన చేతిలోనే ఉంది. ఆడినవాళ్ళు రాయాలి. నలభై ఏళ్ళ వయసు తెలుగువాళ్ళలో వైస్ సిటీ ఆడనివాళ్ళు తక్కువ, దాని గురించి తెలుగులో పది వాక్యాలు రాసినవాళ్ళు ఇంకా తక్కువ. కంపెనీ ఆటను చెరిపేసినా, ఆడినవాడి జ్ఞాపకాన్ని, అభిప్రాయాన్ని చెరపటం దాని చేతిలో లేదు. ఈ పత్రిక పాఠకుల్లో ఎవరి అటకమీదనైనా ఆ హనుమంతుడి డిస్కు ఉంటే, దాన్ని పారెయ్యకండి. వీలైతే ఆడి చూసి, బాగుందో బాగాలేదో, ఎందుకో, రెండు పేజీలు రాసి పంపండి. మన భాషలో ఆ ఆటకు దొరికే మొదటి విమర్శ అదే కావచ్చు.